రెండు చంకల్లో రెండు పుస్తకాలు

ఆయన పోయిన సంగతి నాకు మా జూనియర్ ద్వారా తెలిసింది. కోర్టు లైబ్రరీలో ఏదో పాత పుస్తకం తెరిచి, వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "మేడమ్, పుస్తకాల్లో ఎండుమిరపకాయలు పెట్టిన మహానుభావుడు ఒకాయన ఉండేవాడటగా, మొన్న పోయాడటండీ" అంది. ఆ అమ్మాయికి అదొక తమాషా. నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి తలపుకొస్తే నాకు ముందు వచ్చేది కోపమే. పోయినా ఆ వరస మారలేదు.

వకీలు పోతే కోర్టులో జడ్జిగారు లేచి నిలబడి నాలుగు మాటలు చెబుతారు, ఆ పూట పని ఆపేస్తారు. లైబ్రరీ గుమాస్తా పోతే అలాంటిదేమీ ఉండదు. ఆ రోజు మా కోర్టులో వాయిదాలన్నీ యథాప్రకారం జరిగాయి. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదీ కాదు కాబట్టి, అందరికంటే ఎక్కువ తిట్టుకున్నదాన్ని నేనే కాబట్టి, నేనే చెబుతాను.

ఉద్యోగం పేరు లైబ్రరీ గుమాస్తాయే గానీ ఆయన చేసే పని వేరు. జడ్జిగారు ఒక తగవు విన్నాక, దాని మీద చట్టం ఏమంటోంది, ఇలాంటి తగవుల్లో హైకోర్టులు ఇంతకుముందు ఏం తేల్చాయి అన్నది వెతికి, చదివి, సారాంశం రాసి జడ్జిగారి బల్ల మీద పెట్టాలి. ఎవరూ పురమాయించిన పని కాదది. మద్రాసులో బి.ఎల్. చదివిన మనిషి పుస్తకాలు తుడుచుకుంటూ కూర్చోలేక మొదలుపెట్టాడు. జడ్జీలకు అలవాటైపోయింది. ఒక జడ్జిగారు బదిలీ అయి వెళ్ళేటప్పుడు వచ్చే జడ్జిగారికి కుర్చీతో పాటు ఈయన్ని కూడా అప్పజెప్పి వెళ్ళేవారు.

లా చదివినవాడు గుమాస్తాగిరీ ఎందుకు చేశాడనేదానికి మా కోర్టులో ఒక కథ ఉండేది. మొదట్లో నల్లకోటు వేసుకుని ఒకటో రెండో కేసులు నడిపాడట. అందులో ఒకదాంట్లో, వాదన బ్రహ్మాండంగా చెప్పి, కూర్చోబోతూ మళ్ళీ లేచి, "అయితే దీనికి అటుపక్క కూడా ఒక రూలింగు ఉందండీ" అని తన క్లయింటుకి వ్యతిరేకంగా ఉన్న తీర్పును తనే చదివి వినిపించాడట. బయటికొచ్చాక ఆ క్లయింటు చెప్పు తీశాడని కొందరు, తీయబోయాడని కొందరు. నేనైతే తీశాడనే నమ్ముతాను.

వకీళ్ళందరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే జాతి. ఈయన నాలుగు కాళ్ళూ లెక్కపెట్టాక, అయిదోది ఎక్కడన్నా ముడుచుకుని ఉందేమోనని వెతికే రకం. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పంచె మీద మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్లకోటు. కళ్ళజోడుకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకుని చెవికి చుట్టుకునేవాడు. జడ్జిగారి గదిలోకి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ రెండు చంకల్లోనూ పుస్తకాలే. కుడిచంకలో వాదికి పనికొచ్చేవి, ఎడమచంకలో ప్రతివాదికి పనికొచ్చేవి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి తలుపు భుజంతో తోసుకుని పక్కవాటుగా లోపలికి వెళ్ళేవాడు.

వరండాలో నిలబడ్డ వకీళ్ళు ఏ చంక బరువుగా ఉందో చూసి క్లయింట్లకి ధైర్యం చెప్పేవాళ్ళు. "కుడివైపు ఒంగాడు, మనదే" అనేవాళ్ళు. వాళ్ళకి ఆ ధైర్యం ఎక్కువసేపు దక్కేది కాదు. ఆయన లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ బయటికొచ్చి, తేలిగ్గా ఉన్న చంకలోకి ఇంకో పుస్తకం పట్టుకెళ్ళేవాడు.

ఆ జబ్బు కోర్టుతో పోయేది కాదు. బ్రాడీపేటలో ఆయన ఇల్లు తాళం వేసి వీధి మొగదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసి వచ్చేవాడు. హోటల్లో కాఫీ చెప్పాక, "పాలు ఈ పూటవేనా?" అని అడిగేవాడు. ఈ పూటవేనంటే, "పొద్దుటివి ఏం చేశారు?" అనేవాడు. ఆ సర్వరు నా వైపు చూసి నుదురు కొట్టుకోవడం నాకు గుర్తుంది.

మిరపకాయల సంగతి చెప్పాలి. మా ఊరి ఎండకి, దుమ్ముకి పుస్తకాలకి పురుగు పట్టేది. అందరూ వేపాకు పెట్టేవాళ్ళు. ఈయనకి వేపాకు మీద నమ్మకం లేదు. ఎండుమిరపకాయలు తుంచి అట్టల మధ్య, పేజీల మధ్య పెట్టేవాడు. మిరపకాయల గుంటూరులో అవి దొరకడం కష్టమా! పురుగు సంగతేమో గానీ మా కోర్టులో జడ్జీలు, వకీళ్ళు తుమ్మకుండా చట్టం చదివిన పాపాన పోలేదు.

నాకు ఆయనతో పడ్డ తగవు కోటమ్మ కేసులో. నేనప్పటికి ప్రాక్టీసు పెట్టి ఎక్కువకాలం కాలేదు. ఆడ ప్లీడరంటే వరండాలో వింతగా చూసే రోజులు. కోటమ్మ మాత్రం వింతగా చూడలేదు. "మగ ప్లీడర్లందరూ మా మరిది కొడుకుల మాట వింటున్నారమ్మా, నువ్వన్నా నా మాట విను" అంటూ వచ్చి నా బల్ల ముందు చతికిలబడింది.

నల్లపాడు దాటాక ఆమె ఊరు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు. అత్తవారి పెద్దలు కూర్చుని, మనోవర్తి కింద రెండెకరాల నల్లరేగడి ఇచ్చి, కాగితం రాసుకున్నారు: బతికినన్నాళ్ళు అనుభవించాలి, తదనంతరం మరిదికి, అతని పిల్లలకు చెందాలి. ఆ రెండెకరాల్లో ఆమె ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప వేసి ముసలిదైంది. పక్కన అరక పట్టింది ఊళ్ళో ఒక ముస్లిం కుటుంబం. ముందు తండ్రి, తర్వాత కొడుకు మస్తాన్. కోటమ్మ జ్వరపడితే జావ కాచి ఇచ్చింది మస్తాన్ భార్య. మరిది గడప తొక్కి చూసినవాడు కాదు.

ఇంతలో కొత్త చట్టం వచ్చింది. హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఇక ఆమె సొంతమే, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు అంది. కోటమ్మ చక్కగా రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి, తన తదనంతరం ఆ రెండెకరాలు మస్తాన్‌కి చెందేలా రాసిచ్చింది. మరిది కొడుకులు భగ్గుమన్నారు. ఆ రాత చెల్లదని కోటమ్మ మీదా, మస్తాన్ మీదా దావా వేశారు. వాళ్ళ పట్టు ఒకటే. అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది: షరతులు పెట్టి ఇచ్చిన ఆస్తికి ఆ షరతులే వర్తిస్తాయని. నా పట్టు కూడా ఒకటే: అది ఎవరో దయతలచి ఇచ్చిన ఆస్తి కాదు, మనోవర్తి ఆమె హక్కు, హక్కు కింద వచ్చినదానికి షరతులేమిటి?

"నేను సచ్చాక ఎవరికి పోవాలో నేను చెప్పాలి. అది నా కళ్ళతో చూసి పోతా. అంతకంటే నాకేం వద్దు ప్లీడరమ్మా" అనేది కోటమ్మ.

మొదటి వాయిదానాడు ఆమె లైబ్రరీ గుమ్మంలో నిలబడి ఆయన పుస్తకాల్లో మిరపకాయలు పెట్టడం చూసింది. నన్ను మోచేత్తో పొడిచింది.

"ఆయనేం చేస్తాడమ్మా?"

"జడ్జిగారి కోసం చదువుతాడు."

"మరి జడ్జిగారేం చేస్తాడు?"

నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. తగవు తేల్చేది ఎవరో ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. మళ్ళీ వాయిదాకి కొంగులో తన చేలో పండిన కాయలు కట్టుకొచ్చి ఆయన బల్ల మీద పోసింది. "ఆ పుచ్చిన కాయలు పెడతావేంది బాబూ, ఇయ్యి పెట్టు. పురుగు కాదు, పామైనా రాదు" అంది. ఆయన ఒక గుప్పెడు తీసుకుని, "ఇవి పుస్తకాలకి. మిగతావి నాకు పనికిరావు, తీసుకెళ్ళండమ్మా" అని కొంగులోకే తిరిగి ఎత్తాడు. కేసున్న మనిషి దగ్గర కూరకి సరిపడా కాయలు కూడా ముట్టని నిజాయితీ ఆయనది. ఆ నిజాయితీతోనే నా పీక మీదికి తెచ్చాడు.

వాదనలు బాగా జరిగాయి. అవతలి వకీలు పాతకాలం మనిషి, కొత్త చట్టం సరిగ్గా చదవలేదు, ఆయన దగ్గర ఒక్క రూలింగు కూడా లేదు. జడ్జిగారు నేను చెప్పినదానికల్లా తల ఊపారు. ఇంకేముంది, తీర్పుకి వాయిదా వేయడమే తరువాయి. అప్పుడు జడ్జిగారు బల్ల మీదున్న ఒక పుస్తకం తీశారు. కుడిచంక పుస్తకం. తెరవగానే తుమ్మారు. కోటమ్మ కాయలు మరి, ఘాటు తక్కువా? మళ్ళీ తుమ్మారు. ముక్కు తుడుచుకుని, "దీనికి మీరేం చెబుతారమ్మా?" అని అందులో ఒక తీర్పు చదివారు. వేరే రాష్ట్రపు హైకోర్టుది. మనోవర్తి కింద ఇచ్చినా సరే, కాగితంలో షరతులుంటే షరతులే చెల్లుతాయి అని ఉంది.

అవతలి వకీలు మొహం చూడాలి! అలాంటి తీర్పు ఒకటుందని అప్పటిదాకా ఆయనకే తెలియదు. అడగకుండానే ఒళ్ళో వచ్చి పడింది. ఏదో తానే వెతికి తెచ్చినట్టు లేచి నిలబడి, "అదే నేనూ మనవి చేయబోతున్నానండీ" అన్నాడు. నాకు తోచింది నేను చెప్పాను. జడ్జిగారు తల ఊపడం మానేశారు.

నేను తిన్నగా లైబ్రరీలోకి వెళ్ళాను.

"ఎవరడిగారండీ మిమ్మల్ని ఆ తీర్పు వెతకమని?"

ఆయన కళ్ళజోడు దారం సరిచేసుకున్నాడు. "ఎవరూ అడగక్కర్లేదమ్మా. ఉంది కదా."

"ఉంటే ఉండనివ్వండి! అవతలాయనకి లేని బాధ మీకెందుకు?"

"ఇక్కడ గెలిస్తే సరా? పైన నిలబడొద్దూ? రేపు అప్పీల్లో హైదరాబాదు వకీలు ఈ పుస్తకమే తీస్తాడు. ఇక్కడ దీనికి జవాబు చెప్పకుండా గెలిచారనుకోండి, అక్కడ ఒక్క దెబ్బకి పోద్ది. అప్పుడు ఆవిడకి భూమీ ఉండదు, ఓపికా ఉండదు."

"జవాబు ఉందా మరి?"

"ఉందమ్మా!" ఆయన మొహం వెలిగింది. "ఇంకో హైకోర్టు ఈ తీర్పు తప్పని కొట్టిపారేసింది. అచ్చం మీరు చెప్పిన మాటే. ఆ తీర్పు అచ్చయిన సంచిక మన దగ్గర లేదు. హైదరాబాదు రాశాను, నకలు పంపిస్తారు. జడ్జిగారితో కూడా చెప్పాను, అది వచ్చాకే తీర్పు రాయమని."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన మా చేత అడుసు తొక్కించి, నీళ్ళ కోసం హైదరాబాదు ఉత్తరం రాశాడు. హైకోర్టు గుంటూరులో ఉన్న రోజుల్లోనైతే ఏ రూలింగు కావాలన్నా మధ్యాహ్నం సైకిలెక్కి వెళ్ళి, పొద్దువాలేలోపు రాసుకొచ్చేవాడట. అది హైదరాబాదు తరలిపోయాక పోస్టే గతి. మనిషి మాత్రం ఇంకా సైకిలు రోజుల్లోనే ఉండిపోయాడు. కావాలనుకున్నది సాయంత్రానికి చేతిలో ఉంటుందని ఆయన ధీమా.

తీర్పు వాయిదా పడింది. మళ్ళీ పడింది. జడ్జిగారికి పైకోర్టు తన తీర్పు కొట్టేస్తుందేమోనని భయం, ఈయనకి ఏ పుస్తకమైనా తప్పిపోయిందేమోనని భయం. ఇద్దరి భయాల మధ్య కోటమ్మ రెండెకరాలు. ప్రతి వాయిదాకి ఆమె మస్తాన్ భుజం పట్టుకుని వచ్చేది, వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. అప్పటికి ఆయాసం మొదలైంది. నన్ను చూడగానే అడిగే ప్రశ్న ఒకటే.

"ఆయన సదవటం అయిందా అమ్మా?"

"ఇంకా లేదమ్మా."

"మిరపకోతలు కూడా అయిపోయినియ్యి. ఈయన సదువు తెమల్దేంది?"

మస్తాన్ నెమ్మదస్తుడు. "పోన్లే పెద్దమ్మా, పెద్ద పుస్తకమేమో" అనేవాడు. ఒకసారి ఉండబట్టలేక ఆయన్నే అడిగాడు, "అయ్యా, ఎన్నాళ్ళు పట్టుద్దండీ?" అని. "వచ్చేస్తుందయ్యా, ఈ వారం టపాలో వచ్చేస్తుంది" అన్నాడాయన. అబద్ధం చెప్పడం తెలియని మనిషి. టపా వచ్చే వేళకి పోస్టుమాన్‌కి ఎదురు నడిచి వెళ్ళేవాడు, ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు. రెండు చంకలూ ఖాళీగా ఆయన్ని నేను చూసింది ఆ రోజుల్లోనే. చూస్తే జాలి వేసేది. జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండేది.

నకలు రాలేదు, జడ్జిగారికి బదిలీ వచ్చింది. వెళ్ళేముందు నన్ను చాంబర్లోకి పిలిచి, "మీ వైపే రాద్దామనుకున్నానమ్మా, ఆ కాగితం వస్తే నిశ్చింతగా రాసేవాణ్ణి" అన్నారు. నిశ్చింతగా అట! కొత్త జడ్జిగారు చురుకైన మనిషి. పెండింగు కేసులు తెగ్గొట్టాలని వచ్చారు. లైబ్రరీ గుమాస్తా చెప్పేదేమిటి అని మొదటిరోజే ఆయన్ని చాంబరు బయట నిలబెట్టారు. మళ్ళీ వాదనలన్నారు, ఒక్క పూటలో ముగించారు. ఫైల్లో ఉన్న రూలింగు ఒకటే, ఈయన వెతికిపెట్టిన కుడిచంక రూలింగు. దానికి విరుద్ధంగా ఇంకో హైకోర్టు చెప్పిందని నేనన్నాను. "చూపించండి" అన్నారు. ఏం చూపిస్తాను? దావా డిక్రీ అయింది. కోటమ్మ రాత ఆమెతోనే సరి, ఆ తర్వాత భూమి మరిది కొడుకులదే అని తీర్పు.

నకలు ఆ తర్వాతి టపాలో వచ్చింది. ఆయన అది పట్టుకుని వరండాలో నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు. "చూశారా అమ్మా, అచ్చం మీరు చెప్పిన మాటే!" అన్నాడు. మొహంలో నిజమైన సంతోషం. నాకు ఆ కాగితం చించి ఆయన మొహాన కొట్టాలనిపించింది. "డిక్రీ అయిపోయిందండీ" అన్నాను. "అప్పీలుకి పనికొస్తుంది, పైన నిలబడుతుంది" అన్నాడు.

ఆ మాటే వెళ్ళి కోటమ్మకి చెప్పాను. అప్పటికి మంచం దిగడం లేదు. చుట్టూ ఇంటి నిండా పత్తి పోగులు, ఆ మధ్యలో ఆమె మంచం. అప్పీలు వేద్దాం, ఈసారి గెలుస్తాం, మంచి కాగితం దొరికిందన్నాను. ఆమె పైకప్పు వైపు చూస్తూనే అడిగింది.

"ఆడ కూడా సదివేవోళ్ళు ఉంటారా అమ్మా?"

"ఉంటారు."

"అయితే నాకంత ఆయుస్సు లేదులే."

ఎంత చెప్పినా వినలేదు. మస్తాన్‌ని వేయమంటే, "పెద్దమ్మ వద్దన్నాక నేనెట్టా వేస్తానండీ" అన్నాడు. మళ్ళీ మిరప కోతకొచ్చేలోపే కోటమ్మ పోయింది. తన భూమి ఎవరికి పోవాలో తను చెప్పాలన్నది ఆమె కోరిక. ఎవరికి పోకూడదనుకుందో వాళ్ళే వచ్చి, ఆమె వేసిన మిరప కోసుకున్నారు. మస్తాన్ పత్తి మిల్లులో బేళ్ళు మోసే పనికి కుదిరాడు.

చాలా ఏళ్ళ తర్వాత దేశంలోకల్లా పెద్ద కోర్టు ఆ ప్రశ్న తేల్చేసింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తి ఆమె సొంతమే, షరతులు చెల్లవని. పత్రికలో చదివిన రోజే రిక్షా ఎక్కి బ్రాడీపేట వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. తిట్టడానికే అనుకున్నాను. రిటైరై, కళ్ళకి ఆపరేషనై, అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను.

"జడ్జీలందరిదీ ఒకే మాటా?" అన్నాడు మొట్టమొదట.

"ఒకే మాటండీ. అటుపక్క ఏమీ లేదు."

తల ఊపాడు. "ఆవిడకి చెప్పారా?" అన్నాడు.

"ఆవిడ అప్పుడే పోయిందండీ. మీ నకలు వచ్చిన కొద్దినెలలకే."

ఆయనకి తెలియదు. కేసు పోయిందని తెలుసు గానీ మనిషి పోయిందని తెలియదు. "మరి అప్పీలు?" అన్నాడు.

"వేయనివ్వలేదు. పైన కూడా మీలాంటివాళ్ళు చదువుతూ కూర్చుంటారేమోనని భయపడింది."

అనాలనే అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వీధిలో పోతున్న రిక్షాల వైపు చూస్తూ ఉండిపోయాడు. లోపలి నుంచి వాళ్ళావిడ కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళింది. పాలు ఏ పూటవని ఆయన అడగలేదు.

"మస్తాన్ ఉన్నాడుగా?" అన్నాడు చివరికి. "రాసిచ్చింది అతని పేరేగా. అతను ఇప్పుడైనా వేయొచ్చు. ఇన్నేళ్ళ ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవాలి. మన్నించొచ్చని రూలింగులు ఉన్నాయమ్మా."

ఆయన కాఫీ గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళీ అరుగు మీద పెట్టేశాడు.

"అటుపక్క కూడా ఉన్నాయి" అన్నాడు.